టోపీ చెప్పిన రైలు కథ

తెల్లదుస్తులు స్టేషన్ మాస్టరువి, నల్లకోటు టీసీది, ఎర్రచొక్కా కూలీది... ప్లాట్‌ఫామ్ మీద మనిషిని గుర్తుపట్టడానికి పేరుతో పనిలేదు. ఒంటిమీది బట్ట చాలు! నెల్లూరు తీరం పక్కనే సాగే రైలుదారి మీదా, యుద్ధకాలపు జర్మనీ రైల్వేలోనూ ఆ బట్ట వెనక దాగిన హోదాలూ హద్దులూ త్యాగాలూ పాపాలూ ఎన్నో.

కావలి దాటి నెల్లూరు వైపు వస్తుంటే బిట్రగుంట తగులుతుంది. పెద్ద రైళ్లు చాలావరకూ ఇప్పుడక్కడ ఆగకుండానే దూసుకుపోతాయి. బొగ్గింజన్ల రోజుల్లో ఆ పప్పులు ఉడికేవి కావు. విజయవాడ నుంచి మద్రాసుకు సుమారు 430 కిలోమీటర్లు. బిట్రగుంట దాదాపు సగం దారిలో ఉంది. వచ్చిన ఇంజిను అలసిపోయేది. దానికి బొగ్గు కావాలి, నీళ్లు కావాలి, బూడిద దులపాలి. నడిపేవాళ్లకూ విశ్రాంతి కావాలి. అందుకే అక్కడ లోకోషెడ్డు వెలిసింది, యార్డు వచ్చింది, వరసలు వరసలుగా క్వార్టర్లు లేచాయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ, తెలుగు కుటుంబాలూ, తమిళ కుటుంబాలూ ఒకే కూత విని నిద్రలేచే ఊరు తయారైంది.

అలాంటి రైల్వే ఊళ్లలో తీగమీద ఆరేసిన బట్టల్ని చూసి ఆ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో చెప్పేయొచ్చు. ఎంత ఉతికినా బొగ్గుమరక వదలని నీలం చొక్కా ఉంటే డ్రైవరో, ఫైర్‌మనో. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటూ కోటూ ఉంటే స్టేషన్ మాస్టరో, గార్డో. ఖాకీ అయితే గ్యాంగ్‌మన్ కావచ్చు, పాయింట్స్‌మన్ కావచ్చు. ఒక్కో రంగుకూ ఒక్కో జీతం, ఒక్కో రకం క్వార్టరు, ఒక్కో మర్యాద!

అసలు రైలు నడపడానికి యూనిఫాం ఎందుకు? దాని మీద ఆ చక్రాలూ రెక్కలూ నక్షత్రాలూ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారి నెల్లూరు నుంచి బెర్లిన్ దాకా సాగుతుంది.

పొడుగు టోపీ డ్రైవరు

జర్మనీలో తొలి రైలు 1835 డిసెంబరు 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కు నడిచింది. ఇంజిను పేరు ‘ఆడ్లర్’, అంటే గద్ద. దాన్ని నడపడానికి ఇంగ్లండ్ నుంచి విలియం విల్సన్ అనే ఆయన్ని పిలిపించారు. ఆయన పొగా మసీ లెక్కచేయకుండా పొడుగాటి నల్లటోపీ, తోక కోటు వేసుకుని దొరబాబులా ఇంజిను నడిపేవాడట. అప్పటికింకా రైలుడ్రైవరు అంటే ఇలా ఉండాలన్న నియమమేదీ లేదు మరి.

రైళ్లు పెరిగేకొద్దీ నియమాలు వచ్చాయి. దానికి కారణాలున్నాయి. మొదటిది, భద్రత. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే బళ్లను ఆపాలన్నా పంపాలన్నా ఆజ్ఞ ఇచ్చేవాడెవడో, పాటించేవాడెవడో అరక్షణంలో తెలియాలి. రెండోది, నమ్మకం. ఊరుకాని ఊళ్లో ప్రయాణికుడు డబ్బులిచ్చి టికెట్టు తీసుకోవాలంటే ఎదుటివాడు కంపెనీ మనిషని తెలియాలి. మూడోది, సైన్యం. కాలానికి కట్టుబడి, పైవాడి మాటకు తలొగ్గి పనిచేసే మనుషులు కావాలంటే అప్పట్లో దొరికేది మాజీ సైనికుల్లోనే. వాళ్లతోపాటే సైనిక పద్ధతులూ వచ్చాయి. గుండీలూ, పట్టీలూ, టోపీలూ, సెల్యూట్లూ రైల్వేలోకి అలా దిగుమతి అయ్యాయి.

మనకూ అంతే. దక్షిణాదిలో తొలి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి కదిలింది. విజయవాడనూ మద్రాసునూ కలిపే తీరప్రాంత మార్గం 1899లో పూర్తయింది. 1908లో ఏర్పడిన ‘మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే’ కంపెనీ చేతిలోకి ఆ మార్గం వెళ్లింది. జనం నోట్లో అది ‘ఎం అండ్ ఎస్సెమ్’. గూడూరు, నెల్లూరు, బిట్రగుంట, కావలి స్టేషన్లలో టోపీలూ బిళ్లలూ అన్నీ ఆ కంపెనీవే. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయేదాకా ఇక్కడ దానిదే రాజ్యం.

చక్రానికి రెక్కలు

జర్మనీలో ఒక్కో రాజ్యానికీ ఒక్కో రైల్వే ఉండేది. ప్రష్యాది వేరు, బవేరియాది వేరు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1920 ఏప్రిల్ 1న అన్నిటినీ కలిపి ఒకే గొడుగు కిందికి తెచ్చారు. దాని పేరే ‘డాయిష్ రైఖ్స్‌బాన్’. ముదురునీలం యూనిఫాం, దాని మీద ‘రెక్కల చక్రం’ గుర్తు. రైలుచక్రానికి రెండు పక్కలా రెక్కలు. గ్రీకు పురాణాల్లో దేవతల దూత హెర్మిస్ కాళ్లకుండే రెక్కలే దానికి మూలం. వేగానికి అంతకన్నా మంచి గుర్తేముంటుంది!

జర్మనీ స్టేషన్లలో అందరి కళ్లూ వెతికేది మాత్రం ఒక్క ఎర్రటోపీనే. ప్లాట్‌ఫామ్ మీద రైలును పంపించే అధికారి పెట్టుకునే టోపీ అది. ఆయన చేతిలో గుండ్రటి బిళ్ల ఉన్న కర్ర ఉంటుంది. అది పైకి లేస్తేనే బండి కదిలేది. రైలులో పెద్ద అయిన ‘త్సూగ్‌ఫ్యూరర్’, అంటే మన గార్డులాంటి ఆయన, ఛాతీ మీదుగా ఎర్ర తోలుపట్టీ వేసుకునేవాడు. వందమందిలో ఉన్నా ఇట్టే కనబడాలన్నదే ఉద్దేశం.

హిట్లర్ 1933లో అధికారంలోకి వచ్చాక ఈ బట్టల మీద కొత్త గుర్తు వచ్చి కూర్చుంది. రెక్కల చక్రానికి పైన స్వస్తిక పట్టుకున్న గద్ద! అదే ఏడాది తెచ్చిన చట్టంతో యూదు ఉద్యోగుల్ని ప్రభుత్వ కొలువుల్లోంచి తీసేయడం మొదలైంది. రైల్వే కూడా అదే దారి పట్టింది. 1934 నుంచి ప్రభుత్వోద్యోగులు రాజ్యాంగానికి కాకుండా నేరుగా హిట్లర్‌కు విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాల్సి వచ్చింది. 1937లో రైల్వే పూర్తిగా ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటికే దాని జనరల్ డైరెక్టరుగా ఉన్న జూలియస్ డార్ప్‌ముల్లర్ రవాణామంత్రి కూడా అయ్యాడు. పది లక్షలకు పైగా మనుషులు పనిచేసే ఆ మహాయంత్రంలో ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలో కాలరు పట్టీలూ, భుజాల మీది అల్లికలూ, నక్షత్రాలూ చెప్పేవి. బంగారురంగు ఎంత పెరిగితే హోదా అంత పెరిగినట్టు. అసిస్టెంటు, సెక్రటరీ, ఇన్‌స్పెక్టరు... అలా మెట్లు మెట్లుగా ప్రెసిడెంటు దాకా. చాలా హోదాలకు ముందు ‘రైఖ్స్‌బాన్’ అన్న మాట ఉండేది.

నీలం వాళ్లు, బూడిద వాళ్లు

1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడింది. సైన్యం ముందుకు పోతోంది కానీ వెనక రైళ్లు నడవాలిగా? రష్యా పట్టాల మధ్య వెడల్పు ఎక్కువ. జర్మనీ బండి దాని మీద నడవదు. వేల కిలోమీటర్ల మేర పట్టాను పీకి దగ్గరికి జరిపి బిగించాల్సి వచ్చింది. ఆ పనికీ, రైళ్లు నడపడానికీ రైల్వే ఉద్యోగుల్ని యుద్ధభూమికి తరలించారు.

వాళ్లలో రెండు రకాలు. నేరుగా సైన్యం కింద చేరి సైనికుల్లాగే బూడిదరంగు దుస్తులు వేసుకున్నవాళ్లు ‘బూడిద రైల్వేవాళ్లు’. రైల్వే కొలువులోనే ఉండి మామూలు నీలం యూనిఫాంతో వెళ్లినవాళ్లు ‘నీలం రైల్వేవాళ్లు’. జర్మన్ భాషలో ఆ పేర్లు అలాగే స్థిరపడిపోయాయి. ఇక్కడో చిక్కుంది. యుద్ధ నియమాల ప్రకారం సైనికుడికి ఉండే రక్షణ పౌరుడికి ఉండదు. నీలం దుస్తుల్లో శత్రువుకు చిక్కితే వాడు సైనికుడా, కాదా? అందుకని సైన్యానికి చెందినవాళ్లని తెలిసేలా చేతికి పట్టీ కట్టించారు. బెర్లిన్‌లోనో వియన్నాలోనో ప్లాట్‌ఫామ్ మీద తిరగడానికి కుట్టిన కోటు రష్యా చలికి ఏపాటి? 1941 చలికాలంలో మనుషులతోపాటు ఇంజిన్లూ చతికిలబడ్డాయి. బయటకు కనిపించే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి చాలా ఇంజిన్లు మూలనపడ్డాయి.

ఆ దెబ్బతో 1942లో ‘యుద్ధ ఇంజిన్’ పుట్టింది. అలంకారాలు తీసేశారు, భాగాలు తగ్గించారు, తేలిగ్గా తయారయ్యేలా చేశారు. 52వ తరగతి అని పిలిచే ఈ ఇంజిన్లు ఆరువేలకు పైగా తయారయ్యాయి. మరోపక్క అమెరికా, కెనడాల నుంచి భారత్‌కూ ఇలాంటివే వచ్చాయి. వాటి పేర్లు ఏడబ్ల్యూడీ, సీడబ్ల్యూడీ. మధ్యలో ఉన్న ‘డబ్ల్యూ’ అక్షరానికి అర్థం... వార్, అంటే యుద్ధమే!

ఇంకో విశేషం. 1944 మార్చి 1 నుంచి బెంగాల్–అస్సాం రైల్వేలో 804 మైళ్ల మార్గాన్ని అమెరికా సైన్యపు రైల్వే దళాలు నడిపాయి. ఆ దేశ సైన్యంలో రవాణా విభాగం వాళ్ల బిళ్ల మీద ఉన్నదేమిటో తెలుసా? పట్టా మీద నిలబెట్టిన రెక్కల చక్రం! ఒకరినొకరు చంపుకుంటున్న రెండు పక్షాల ఒంటిమీదా ఒకటే గుర్తు.

తీరంలో యుద్ధమేఘం

నెల్లూరు తీరానికి జర్మనీ యుద్ధసెగ అంతకుముందే ఒకసారి తగిలింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ‘ఎమ్డెన్’ అనే జర్మనీ యుద్ధనౌక మద్రాసు ఎదుట ప్రత్యక్షమై చమురు ట్యాంకులను గుండ్లతో పేల్చింది. నగరం గగ్గోలెత్తింది. వేలమంది మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. గుండెలు తీసిన బంటును తమిళులు నేటికీ ‘ఎమ్డెన్’ అనే అంటారు.

రెండోసారి వచ్చింది జపాన్. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. తీరమంతా వణికింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాల్ని లోపలి ఊళ్లకు తరలించారు. రాత్రిళ్లు దీపాలు కనిపించకూడదన్న ఆంక్షలు వచ్చాయి. బంగాళాఖాతంలో ఓడలు తిరగడం ప్రమాదకరం కావడంతో సముద్రం మీద వెళ్లాల్సిన సరుకు కూడా రైలెక్కింది. అప్పటికే మన రైల్వేల నుంచి ఎన్నో ఇంజిన్లూ పెట్టెలూ పశ్చిమాసియాకు తరలిపోయాయి. కొన్ని చిన్న మార్గాల పట్టాలైతే ఊడబెరికి ఓడలెక్కించారు. ఉన్న కొద్ది బళ్లలోనే సైనికులూ, బొగ్గూ, బియ్యమూ, జనమూ! ‘తప్పనిసరైతేనే ప్రయాణించండి’ అని రైల్వేలే ప్రకటనలు ఇచ్చుకోవాల్సిన పరిస్థితి.

అందరూ తీరం వదిలి లోపలికి పోవాలని చూస్తున్నప్పుడు కదలకుండా ఉండాల్సింది రైల్వేవాళ్లే. స్టేషన్ మాస్టరు పారిపోతే బండి రాదు. పాయింట్స్‌మన్ పారిపోతే వచ్చిన బండి పట్టాలు తప్పుతుంది. గార్డు పారిపోతే బండి వెనక దీపం వెలగదు. యూనిఫాం అంటే జీతానికిచ్చిన బట్ట మాత్రమే కాదనీ, భయపడే హక్కును కాసేపు పక్కన పెట్టడమనీ అలాంటి రోజుల్లోనే తెలుస్తుంది.

నీళ్ల మీద నూనె పొర

అయితే ఆ బట్ట అందరికీ ఒకే గౌరవం ఇచ్చిందా? ఇవ్వలేదు.

1920–21లో భారత రైల్వేలను పరిశీలించిన ఆక్‌వర్త్ కమిటీ ఒక లెక్క చెప్పింది. రైల్వేల్లో సుమారు 7 లక్షల 10 వేల మంది ఉంటే వాళ్లలో ఐరోపావాళ్లు 7 వేల మందే. అంటే నూటికి ఒక్కరు. కానీ ఆ ఒక్కరూ పైనే! గ్లాసు నీళ్ల మీద పల్చటి నూనె పొరలా తేలుతూ, కింది ఏడు లక్షలమందితో కలవకుండా ఉన్నారన్నది కమిటీ పోలిక. అత్యున్నత పదవుల్లో భారతీయుడు ఒక్కడూ లేడని కూడా అది చెప్పింది. జర్మనీలో హోదా నక్షత్రాల్లో కనిపిస్తే ఇక్కడ చర్మం రంగులోనే కనిపించేదన్నమాట.

రైల్వేవాళ్లకు ఇంకో యూనిఫాం కూడా ఉండేది. 1920 నాటి చట్టంతో ఏర్పడిన ‘ఆగ్జిలరీ ఫోర్స్’లో ఒక్కో రైల్వేకూ ఒక్కో తుపాకీ దళం. మన మార్గానిది ‘ఎం అండ్ ఎస్సెమ్ రైల్వే రైఫిల్స్’. అందులో చేరేది ఐరోపా, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులే. పగలు ఇంజిను నడిపే చేత్తోనే సెలవురోజు తుపాకీ పట్టి కవాతు చేసేవారు. పైకి చెప్పేది రైలుమార్గాల రక్షణ. అల్లర్లు జరిగినా, సమ్మెలు జరిగినా ఆ దళాలు పనికొచ్చేవి. పక్కనే అదే షెడ్డులో బొగ్గు వేసే తెలుగు ఫైర్‌మన్‌కు ఆ ఖాకీ తొడుక్కునే అర్హత లేదు. 1947లో ఆంగ్లేయులతోపాటే ఆ దళాలూ చరిత్రలో కలిశాయి. తర్వాత వచ్చిన టెరిటోరియల్ ఆర్మీ రైల్వే దళాల్లో అన్ని వర్గాల ఉద్యోగులూ చేరగలిగారు.

విడిచిన కొలువు, పట్టిన జెండా

పరాయి ప్రభుత్వపు బట్ట వేసుకున్నవాడు పరాయివాడేనా? 1942 ఆగస్టులో ఈ ప్రశ్న నిప్పులా రాజుకుంది. క్విట్ ఇండియా పిలుపు వచ్చిన కొద్దిరోజులకే, ఆగస్టు 12న, ఇదే మార్గంలోని తెనాలి స్టేషన్‌కు జనం నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. తెనాలి రణరంగ చౌక్ ఆ ఏడుగురికీ గుర్తే. ఉద్యమకారుల కళ్లకు స్టేషనంటే రాజ్యం. అందులో గంట కొట్టేవాడికి మాత్రం అదే అన్నం పెట్టే చోటు. తన ఊరివాళ్లకూ, తన టోపీకీ మధ్య నలిగిపోయిన చిరుద్యోగులు ఆనాడు ఎందరో.

నెల్లూరు జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆ పొట్టి శ్రీరాములు కూడా ఒకప్పటి రైల్వే ఉద్యోగే! బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ చదివి ‘గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే’లో కొలువు చేశారు. భార్యా బిడ్డా దూరమయ్యాక ఉద్యోగం వదిలేసి గాంధీజీ దగ్గరికి వెళ్లారు. 1952 డిసెంబరు 15న ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షలో ఆయన కన్నుమూసినప్పుడు జనాగ్రహానికి నెల్లూరు మార్గంలోనే రైళ్లు నిలిచిపోయాయి.

రైల్వే కార్మికుల్ని కూడగట్టినవాళ్లలో మరో తెలుగు ప్రముఖుడు వి.వి.గిరి. అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య నిర్మాణంలో ఆయనది ముఖ్యపాత్ర. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పోరాటానికి అండగా నిలిచారు. కాలం చేసే చిత్రం చూడండి... 1974 మేలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగినప్పుడు, దాన్ని ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచినప్పుడు, రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆయనే!

ఎర్రటోపీ పాపం

యూనిఫాం కథలో అన్నిటికన్నా చీకటి అధ్యాయం మళ్లీ జర్మనీలోనే ఉంది.

యుద్ధకాలంలో రైఖ్స్‌బాన్ సైనికుల్నీ సరుకునే కాదు, యూదుల్ని కూడా మోసింది. దాదాపు 30 లక్షల మందిని రైళ్లలో కుక్కి మృత్యుశిబిరాలకు చేర్చారు. ఆ బళ్లు రహస్యంగా ఎగిరి వెళ్లలేదు. వాటికీ నంబర్లున్నాయి, టైంటేబుళ్లున్నాయి. ప్రతి స్టేషన్లోనూ ఎర్రటోపీ అధికారి బిళ్ల ఎత్తి పంపించాడు. ఇంకా ఒళ్లు జలదరించే విషయం... టికెట్టు లెక్క! చరిత్రకారుడు రౌల్ హిల్‌బర్గ్ కాగితాలన్నీ తిరగేసి బయటపెట్టిన వివరాలివి. పెద్దలకు మూడోతరగతి ఛార్జీ. పదేళ్లలోపు పిల్లలకు సగం. నాలుగేళ్లలోపు పసివాళ్లకు ఉచితం. 400 మందికి తగ్గకుండా ఉంటే బృంద రాయితీ. కాపలావాళ్లకు రానూపోనూ, లోపలున్నవాళ్లకు పోను మాత్రమే. ఆ డబ్బును నాజీ పోలీసు విభాగం నుంచి రైల్వే వసూలు చేసుకుంది.

ఈ లెక్కలు రాసినవాళ్లలో చాలామంది రాక్షసుల్లా కనిపించే మనుషులు కారు. తెల్లారి లేచి, బూట్లు పాలిష్ చేసుకుని, గుండీలు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లినవాళ్లే. ‘నా పని బండి సమయానికి పంపడం’ అనుకున్నారు. బండిలో ఏముందన్నది తమ హోదాకు సంబంధించిన విషయం కాదనుకున్నారు. రవాణాశాఖలో రెండో స్థానంలో ఉన్న ఆల్బర్ట్ గాన్‌జెన్‌ముల్లర్ మీద విచారణ 1973లో గానీ మొదలవలేదు. ఆయన ఆరోగ్యం బాగాలేదంటూ అదీ మధ్యలోనే ఆగిపోయింది.

ఎదురుతిరిగిన రైల్వేవాళ్లూ ఉన్నారు. 1944 సెప్టెంబరులో జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో రైల్వే ఉద్యోగులు వేలసంఖ్యలో సమ్మెకు దిగి అజ్ఞాతంలోకి వెళ్లారు. జర్మన్లు దానికి కక్షగా ఆహార సరఫరాను అడ్డుకోవడంతో ఆ చలికాలం ఆ దేశం ఆకలితో అలమటించింది. యూనిఫాం విప్పేయడం కూడా ఉత్తపుణ్యానికి జరిగే పని కాదు.

బెర్లిన్ శివార్లలోని గ్రూనెవాల్డ్ స్టేషన్లో 17వ నంబరు ప్లాట్‌ఫామ్ ఉంది. అక్కణ్నుంచి ఇప్పుడు ఏ బండీ కదలదు. అంచు పొడవునా 186 ఉక్కు పలకలు పరిచారు. ఏ తేదీన, ఎంతమందిని, ఎక్కడికి పంపారో ఒక్కో పలక మీదా రాసి ఉంటుంది. 1998 జనవరి 27న జర్మనీ రైల్వేయే ఈ స్మారకాన్ని ఆవిష్కరించింది.

రూలు మీరిన తెల్లచొక్కా

ఆ కథ పక్కనే మన దేశపు కథ ఒకటి పెట్టి చూడాలి. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో విషవాయువు కమ్ముకుంది. స్టేషన్లో డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులాం దస్తగిర్ డ్యూటీలో ఉన్నారు. ప్లాట్‌ఫామ్ మీద జనంతో కిక్కిరిసిన గోరఖ్‌పూర్–బొంబాయి ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది. బయల్దేరే సమయం ఇంకా కాలేదు. సమయానికి ముందు బండి పంపడం రైల్వేలో పెద్ద తప్పు. అయినా దస్తగిర్ బాధ్యత తన మీద వేసుకుని ఆ బండిని పంపించేశారు. మిగతా బళ్లను భోపాల్‌కు రానివ్వొద్దని పక్క స్టేషన్లకు కబురు పెట్టారు. తానుమాత్రం అక్కడే ఉండి పడిపోయినవాళ్లకు సాయం చేశారు. ఆ గాలి ఆయన ఆరోగ్యాన్ని జీవితాంతం వదల్లేదు. 2003లో చనిపోయారు.

ఒకచోట రూలు పాటించినవాడు లక్షల చావులకు సాయపడ్డాడు. ఇంకోచోట రూలు మీరినవాడు వందల ప్రాణాలు కాపాడాడు. తేడా యూనిఫాంలో లేదు, దాని లోపలి మనిషిలో ఉంది.

ప్రాణం పోసిన యూనిఫాంలానే ప్రాణం ఇచ్చిన యూనిఫాం కూడా ఉంది. 1965 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున గడరా రోడ్ దగ్గర సైన్యానికి సరుకు చేరవేసే మార్గాన్ని కాపాడే పనిలో 17 మంది రైల్వే ఉద్యోగులు బలయ్యారు. వాళ్ల చేతుల్లో తుపాకుల్లేవు. ఏటా సెప్టెంబరు 9న అక్కడి స్మారకం దగ్గర రైల్వేవాళ్లు వాళ్లను తలచుకుంటారు.

రంగుల నిఘంటువు

ఒకే రంగు, దేశానికో అర్థం. జర్మనీలో ఎర్రటోపీ అంటే బండిని పంపే అధికారి. అమెరికాలో ‘రెడ్‌క్యాప్’ అంటే సామాను మోసే కూలీ. మన దగ్గర ఎరుపు చొక్కాలోకి దిగింది, చేతికి నంబరున్న ఇత్తడి బిళ్ల తోడైంది. 2016 రైల్వే బడ్జెట్లో కూలీ పేరును ‘సహాయక్’గా మార్చారు. పేరు మారినా నెత్తిమీది బరువు మారలేదనుకోండి!

గార్డు పేరు కూడా 2022 జనవరి నుంచి ‘ట్రెయిన్ మేనేజర్’ అయింది. అన్నట్టు, పిల్లలకు బాగా నచ్చే గార్డు ఒకడున్నాడు. 2002లో రైల్వేల 150 ఏళ్ల పండుగకు పుట్టిన ‘భోలు’ అనే ఏనుగు. గార్డు దుస్తులేసుకుని చేతిలో పచ్చదీపం పట్టుకుని ఉంటాడు. ‘దారి క్లియర్’ అని దానర్థం.

నారింజ చొక్కా

ఇన్ని రంగుల్లో అందరికన్నా తక్కువ గుర్తింపు ఉన్నది గ్యాంగ్‌మన్ చొక్కాకు. ఒకప్పుడు ఎండకు వెలిసిన ఖాకీ. ఇప్పుడు దూరం నుంచే మెరిసే నారింజరంగు జాకెట్టు. హోదా చూపించడానికి వచ్చిన రంగు కాదది. పరుగెత్తుకొచ్చే బండి డ్రైవరు కంటపడి ఆ మనిషి బతకడానికి వచ్చిన రంగు. యూనిఫాం చరిత్రలో ఇదో పెద్ద మలుపే. బట్ట మొదటిసారి, పైవాడికి సెల్యూట్ కొట్టించడానికి కాకుండా కిందివాడి ప్రాణం నిలపడానికి రంగు మార్చుకుంది.

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య బళ్లు ఆగిపోయాయి. ఎన్నో రైళ్లను రద్దుచేశారు, మరెన్నింటినో దారి మళ్లించారు. టీవీల్లో ఆ దృశ్యాలు అందరూ చూశారు. తర్వాత బళ్లు నడిచిన సంగతీ అందరికీ తెలుసు. ఆ రెండిటి మధ్యా బురదలో నిలబడి రాళ్లు పోసిందీ, పట్టా బిగించిందీ నారింజ జాకెట్లే.

ఆ జాకెట్టుకు నక్షత్రాలుండవు. రెక్కల చక్రం ఉండదు. బంగారుదారం అసలే ఉండదు. ఈసారి కిటికీ పక్కన సీటు దొరికి, బండి మెల్లగా పోతూ పట్టాల పక్కన సుత్తీ పారా పట్టుకుని దారిచ్చి నిలబడ్డ మనుషులు కనిపిస్తే, పిల్లలకు చూపించండి. ఈ రైలు ఎవరి మీద నమ్మకంతో నడుస్తోందో చెప్పండి. వాళ్లు చెయ్యి ఊపితే తిరిగి ఊపమనండి. వాళ్లకు దక్కాల్సిన సెల్యూట్ అదే.